చీకటి ఎక్సిటాన్ల నిర్ధారణలో సౌష్ఠవ పరీక్ష

అర్ధవాహకంపై కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్ వహన పట్టీకి ఎగురుతుంది, సంయోజకత పట్టీలో రంధ్రం మిగులుతుంది. విద్యుదాకర్షణ ఈ రెంటినీ జంటగా కట్టేస్తే దాన్ని ఎక్సిటాన్ అంటారు. ఈ భావనకు 1931లో ఫ్రెంకెల్, 1937లో వానియర్ పునాది వేశారు. ఫోటాన్‌ను నేరుగా పీల్చుకోగల జంట ప్రకాశ ఎక్సిటాన్. ఆ దారి మూసుకుపోయినది చీకటి ఎక్సిటాన్. కంప్యూటర్ గణనల్లో ఈ రెంటినీ వేరుచేయడానికి ఆసిలేటర్ స్ట్రెంగ్త్ విలువ ఒక్కటే చాలదని, సౌష్ఠవ పరీక్ష జరిగాకే ఆ విలువకు అర్థం వస్తుందని ఈ వ్యాసం వాదన.

ఎక్సిటాన్ స్థితులనిచ్చే బెతే-సాల్పీటర్ సమీకరణాన్ని బెర్క్‌లీ జీడబ్ల్యూ, యాంబో వంటి ప్రోగ్రాములతో సాధిస్తే ప్రతి స్థితికీ ఒక శక్తి, ఒక ఆసిలేటర్ స్ట్రెంగ్త్ (ఇకపై బలం) వస్తాయి. ద్రవ్యవేగ గ్రిడ్‌లోని ప్రతి కె-బిందువు దగ్గరి ద్విధ్రువ మూలకాన్ని ఆ ఎక్సిటాన్ తరంగ ప్రమేయపు గుణకంతో గుణించి, అన్నిటినీ కూడి, పరిమాణాన్ని వర్గం చేస్తే ఆ బలం వస్తుంది. కూడిక ముందు, వర్గం తర్వాత. అందుకే విడివిడిగా బలమైన సంక్రమణలు కూడా ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా ఇవ్వవచ్చు.

ఏకపొర మాలిబ్డినం డైసల్ఫైడ్ సంగతి చూద్దాం. దాని 'ఏ' ఎక్సిటాన్, శక్తి పట్టీల్లోని కె, కె-ప్రైమ్ అనే లోయల వల్ల రెండు సమశక్తి స్థితుల జంట. ఎక్స్ దిశ ధ్రువణంతో మాత్రమే గణించినప్పుడు, ఒకే శక్తి దగ్గర ఒక స్థితికి పూర్తి బలం, రెండోదానికి సున్నా రావచ్చు. వై దిశకు మార్చితే సున్నా మొదటిదానికి పోతుంది. ఫలితాల్లో సున్నా వచ్చిన ఆ స్థితిని చూసి 'చీకటి ఎక్సిటాన్' అని రాస్తే అది పొరపాటే. సమశక్తి స్థితులను ప్రోగ్రాము తన ఇష్టం వచ్చినట్టు కలిపి ఇస్తుంది. నమ్మదగినది ఆ జంట మొత్తం బలమే. దీనికి తిరగబడ్డ చిక్కూ ఉంది: సౌష్ఠవం చెడేలా కాస్త జరిపిన కె-గ్రిడ్‌తో నిజమైన చీకటి స్థితికి కూడా కొద్దిపాటి బలం అంటుకుంటుంది.

ఈ చిక్కులను విప్పే పనిముట్టు మన దగ్గర పాతదే. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో స్ఫటికాల రామన్ వర్ణపటానికి సమూహ సిద్ధాంతాన్ని అన్వయించారు. 1948లో వారిద్దరి పుస్తకం 'థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్' వాల్తేరు నుంచి వెలువడింది. ఏ కంపనం వర్ణపటంలో కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది వారి ప్రశ్న. ఎక్సిటాన్ విషయంలోనూ తర్కం అదే: భూస్థితి పూర్తి సౌష్ఠవం కలది కనుక, ఎక్సిటాన్ ప్రాతినిధ్యం (సౌష్ఠవ క్రియల కింద అది మారే తీరు) ఎక్స్, వై, జెడ్‌లలో ఏదో ఒకదాని ప్రాతినిధ్యంతో సరిపోతేనే ద్విధ్రువ సంక్రమణకు అనుమతి. మన కంప్యూటేషనల్ పరిశోధకుల్లో ఈ పుస్తకం తెరిచేవారు తక్కువన్నది నా అభిప్రాయం.

టంగ్‌స్టన్ డైసెలెనైడ్ ఏకపొరలో ఈ తర్కం మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. అక్కడ అట్టడుగు స్థితి స్పిన్ పరంగా నిషిద్ధం, ప్రకాశ స్థితికి సుమారు 40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు దిగువన ఉంటుంది. స్పిన్-కక్ష్య అన్యోన్య చర్యను వదిలేసి సింగ్లెట్లను మాత్రమే గణిస్తే ఇది జాబితాలోకే రాదు. ఆ చర్యను చేర్చాక చూస్తే, ఈ అట్టడుగు స్థితి నిజానికి రెండు స్థితుల జంట: పొరకు నిట్టనిలువు ధ్రువణం గల కాంతితో వాటిలో ఒకటి కలుస్తుంది, దాన్ని 'బూడిదరంగు' ఎక్సిటాన్ అంటున్నారు. రెండోది నిజంగానే చీకటి. వాటి మధ్య ఎడం ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుకు లోపే. పొర తలంలోని ధ్రువణాలనే లెక్కించినవారికి రెండూ ఒకేలా చీకటిగా కనిపిస్తాయి.

ద్రవ్యవేగ నిషిద్ధ ఎక్సిటాన్లది వేరే కథ. ఎలక్ట్రాన్ ఒక లోయలో, రంధ్రం మరో లోయలో ఉంటే ఫోటాన్ అంత ద్రవ్యవేగం ఇవ్వలేదు. సున్నా ద్రవ్యవేగం దగ్గరే సమీకరణాన్ని సాధిస్తే ఇవి అసలు పుట్టవు. జపాన్‌లోని ఒకినావాలో కేశవ్ దానీ బృందం 2020లో వీటిని ఫోటోఎమిషన్‌తో నేరుగా చూపించింది.

బెతే-సాల్పీటర్ గణనకు ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా వంటి యంత్రం కావాలి. సౌష్ఠవ పరీక్షకు కాగితం, పెన్ను, క్యారెక్టర్ టేబుల్ చాలు. పాలకుర్తి నుంచి వరంగల్ వెళ్లి ఎమ్మెస్సీ చదివే విద్యార్థి కూడా దాన్ని చేయగలడు. కాబట్టి పరిశోధకులకు ఒక విజ్ఞప్తి: 'చీకటి' అని రాసిన ప్రతి ఎక్సిటాన్ పక్కనా దాని ప్రాతినిధ్యం, పరీక్షించిన మూడు ధ్రువణాలు, సమశక్తి స్థితుల మొత్తం బలం పట్టికలో ఇవ్వండి.