రాజన్ బాబు ఛాయాచిత్రములు

మగ్గములకు పేరొందిన సిరిసిల్ల, జగిత్యాల గల ఆ సీమయందే కోరుట్లలో 1939వ సంవత్సరమున బండి రాజన్ బాబుగారు జన్మించిరి. హైదరాబాదున లలితకళల నభ్యసించి, రాజా త్రయంబక రాజ్ బహద్దూరుగారి కడ ఛాయాచిత్రణ మర్మములను గ్రహించిరి. ఈ వృత్తిలో కూడు పెట్టునవి పెండ్లిపటములును ప్రకటనలునే. వారి మనస్సు మాత్రము నలుపు తెలుపులలో గిరిజనుల జీవనమును, నగ్నదేహమును చిత్రించుటయందు లగ్నమయ్యెను.

గుడిగోడమీది శిల్పమునకు మ్రొక్కు మనమే కాగితముపై నగ్నరూపమును గాంచి మొగము త్రిప్పుకొందుము. ఇది వట్టి కపటమని కొందరందురు; నాకట్లు తోపదు. రాతిబొమ్మకు ఇల్లు లేదు, బంధువులు లేరు. పటములోని స్త్రీకి కలరు. కావున ఆమె సమ్మతియే మొదట విచారింపదగినది. అది యున్నచో, వెలుగునీడల వంపుగా మారిన దేహమున దోషమెంచుట యెట్లు? ఇంగ్లండులోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ వారికి ఫెలోషిప్పు నిచ్చి గౌరవించినది. వారివద్ద ఈ విద్య నేర్చినవారు పెక్కురు. 2011లో హైదరాబాదున వారు కన్నుమూసిరి.