తామరపురుగు మోసిన పుప్పొడి

కర్నూలు నుండి పత్తికొండ మీదుగా పోవు బాటసారికి గాని, కడప నుండి పులివెందుల మీదుగా కదిరికి పోవు వానికి గాని, తొలకరి పడిన నెల దినములకు దారి కిరువైపుల చిన్న తెల్లని పూలతో ఏపుగా పెరిగిన ఒక మొక్క కనిపించును. దాని పేరు వయ్యారిభామ. పేరు సొగసైనదే. తాకినచో కొందరికి దురద పుట్టించును. దాని పుప్పొడి కొందరికి ఉబ్బసము తెచ్చును. 1955 ప్రాంతమున పూనాలో మొదట గుర్తింపబడిన ఈ అమెరికా మొక్క దేశమంతట వ్యాపించినది. 2000వ సంవత్సరమున రాయలసీమ రైతునకు ఇది చేసిన కీడు మాత్రము వేరొక తీరుది.

ఆ ఖరీఫులో అనంతపురము జిల్లా వేరుసెనగ చేలలో లేత ఆకులపై గోధుమవన్నె మచ్చలు పడజొచ్చెను. పిమ్మట తొడిమలు, కాండము నల్లబడి, మొవ్వు మాడిపోయెను. లేతవయసులో సోకిన మొక్క మొత్తముగా చచ్చెను. తెగులు సుమారు 2,25,000 హెక్టారులలో కనబడినది. నష్టము 300 కోట్ల రూపాయలు మించెనని అంచనా వేసిరి. ఏటికి ఒక్క పంటయే దిక్కుగా, విత్తనకాయలకు అప్పు తెచ్చిన మెట్టరైతు ఇంటిలో ఆ అంకె కర్థమేమో వేరుగ చెప్ప నక్కరలేదు.

మొదట దీనిని అందరును పాత చుట్టమైన మొవ్వుకుళ్ళు తెగులే యనుకొనిరి. అట్లనుకొనుటలో వింత లేదు. రెంటను మొవ్వు చచ్చును, రెంటితోను తామరపురుగులకు సంబంధము కలదు. మొవ్వుకుళ్ళు మన దేశమున 1949 నాటికే గుర్తింపబడినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1979లో దీనికి టమాటా మచ్చ-వడలు వైరసు కారణమని తలంచిరి. ఆ వైరసు రోగమును ఆస్ట్రేలియాలో 1915లో మొదట చూచిరి. తామరపురుగు దానిని మోయునని 1927లో పిట్‌మన్ కనుగొనెను. 1992 నాటికి మన వేరుసెనగలోనిది దాని దాయాదియే కాని, అది కాదని తేలినది.

ఈ మొవ్వుకుళ్ళు వైరసు నడక విచిత్రమైనది. తామరపురుగు సుమారు ఒక మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉండును. అది పిల్లదశలో రోగపు ఆకును గీకి రసము పీల్చిననే వైరసును పట్టుకొనగలదు. పెరిగి రెక్కలు వచ్చిన పిదప పీల్చినచో ప్రయోజనము లేదు. లోనికి పోయిన వైరసు పురుగు శరీరములోనే వృద్ధిపొందును. అనగా పురుగు కేవలము బండి కాదు, వైరసునకు రెండవ ఇల్లు.

2000లోని తెగులు ఈ లెక్కకు లొంగలేదు. డి.వి.ఆర్. రెడ్డి, ఆర్.డి.వి.జె. ప్రసాదరావు మున్నగువారు రోగపు మొక్కల నమూనాలను పరీక్షించిరి. మొవ్వుకుళ్ళు వైరసును పట్టియిచ్చు ప్రతిరక్షకములకు అవి పలుకలేదు. పొగాకు చార వైరసు ప్రతిరక్షకములకు పలికినవి. ఈ రెండవ వైరసును జాన్సన్ అను నతడు 1936లో అమెరికాలో పొగాకుపై వర్ణించియుండెను. మనకు పొరుగున కర్ణాటకలో, బాగేపల్లి ప్రాంతమున, 1997లోనే పొద్దుతిరుగుడును మాడ్చిన తెగులు కూడ దీని పనియే. ఆంధ్రదేశపు పొద్దుతిరుగుడు చేలను సైతము అది విడువలేదు.

అయితే ఇది చేనికి వచ్చు త్రోవ యేది? జవాబు అప్పటికే ఆస్ట్రేలియాలో సిద్ధముగా నున్నది. క్వీన్స్‌లాండులో స్డూడీ, టీకిల్ అనువారు 1987లో ఒక క్రొత్త పద్ధతిని చూపిరి: ఈ వైరసు పుప్పొడిలో నుండును, పుప్పొడి తామరపురుగు ఒంటికి అంటుకొనును, పురుగు మరియొక ఆకును గీకినప్పుడు ఆ గాయములో పుప్పొడిలోని వైరసు చొరబడును. ఇచ్చట పురుగు నిజముగా బండియే. మన వైపు ఈ పని చేయునది ఒక్క జాతి కాదు, మూడు జాతుల తామరపురుగులు.

ఆ పుప్పొడి వయ్యారిభామది. వైరసు దానిలో హాయిగా నుండును. మొక్కపై ఒక్క మచ్చయైన కనబడదు. మా విద్యార్థులకు గట్టుపైనున్న పచ్చని మొక్కను చూపి ఇందులో రోగ మున్నదన్నచో నమ్మరు. వారి తప్పు కాదు.

వేరుసెనగ పువ్వు ముడుచుకొని తనలో తానే ఫలదీకరణము చెందును గనుక దాని పుప్పొడి పురుగుల కంతగా చిక్కదు. కావున చేనిలోని రోగపు మొక్క ప్రక్క మొక్కకు ఇచ్చుట అరుదు. రోగము మాటిమాటికి గట్టుపైనుండియే రావలెను. చేనిలో ఎన్నిమారులు మందు కొట్టినను, గాలితో క్రొత్త పురుగులు వచ్చుచుండగా ఫలితము స్వల్పమే. పేరు పొరబడినచో మందు డబ్బులు వృథా యగుట ఇట్లే.

రోగము పేరు తేలిన పిదప సలహా మారినది: వయ్యారిభామను పూత కెక్కక పూర్వమే పెరికివేయుట, విత్తనమునకు ముందే మందు పట్టించుట, చేని చుట్టును త్వరగా ఎదుగు జొన్న లేక సజ్జ వరుసలను దట్టముగా విత్తుట. ఆ వరుసలు గాలిలో వచ్చు పురుగులకు తెరవలె అడ్డుపడును. మొదటి సలహాయే అన్నిటికంటె గట్టిది, అమలునకు అన్నిటికంటె కష్టమైనది. తన గెనిమపై మొక్కను రైతు పెరుకగలడు. కాని వయ్యారిభామ విస్తారముగా పెరుగునది రస్తా ప్రక్కన, చెరువు కట్టపైన, రైలుదారి వెంట, బీడునేలలలో. అచ్చట దానిని పెరుకు బాధ్యత ఫలానివానిదని చెప్పగల పల్లెను నేనింకను చూడలేదు.