కొత్వాలు నుంచి విద్యాదాత వరకు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి

పాలమూరు పల్లెలో పుట్టి, పోలీసు అమీనుగా కొలువు ప్రారంభించి, హైదరాబాదు నగర కొత్వాలు పదవిని అధిష్ఠించిన ధీశాలి రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి. ఖాకీ దుస్తుల్లో పేరు గడించినా, తెలంగాణ పల్లె బిడ్డల చదువుకు నీడ కల్పించిన దాతగానే ఆయన చరిత్రలో నిలిచారు.

బాల్యం, ఉద్యోగం

వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో జన్మించారు. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీక, కన్నడ, మరాఠీ భాషలను అభ్యసించారు. నాటి నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసి ఉండేవి. పాలనా వ్యవహారాలు ఉర్దూలో సాగేవి. అందువల్ల ఈ బహుభాషా పరిచయం ఆయనకు ఉద్యోగంలో ఎంతగానో ఉపకరించింది. యౌవనారంభంలోనే రాయచూరు ప్రాంతంలోని ముద్గల్‌లో అమీనుగా చేరి, అంచెలంచెలుగా ఎదిగారు.

నగర కొత్వాలుగా

1920లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనను హైదరాబాదు కొత్వాలుగా నియమించారు. నేటి పోలీసు కమిషనరుతో పోల్చదగిన ఈ పదవి నాటి రాజ్యంలో అత్యంత కీలకమైనది. 1922లో బ్రిటిష్ యువరాజు హైదరాబాదును సందర్శించినప్పుడు నగర బందోబస్తు ఆయన ఆధ్వర్యంలోనే సాగింది. 1934 వరకు, అంటే సుమారు 14 సంవత్సరాలు, ఆ పదవిలో కొనసాగారు. విరమణానంతరం నిజాం సొంత ఎస్టేటు అయిన సర్ఫెఖాస్‌లో ప్రత్యేకాధికారిగా సేవలందించారు.

చదువుల నీడ రెడ్డి హాస్టల్

ఆ రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల విద్యార్థులు ఉన్నత విద్యకు హైదరాబాదు చేరినా, తలదాచుకొనే చోటు, వేళకు భోజనం దొరకక వెనుదిరిగే పరిస్థితి ఉండేది. ఈ లోటును తీర్చేందుకు 1918లో వెంకటరామారెడ్డి ప్రముఖుల సహకారంతో, విరాళాలతో రెడ్డి హాస్టల్‌ను నెలకొల్పారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది కూడా ఆ సంవత్సరమే కావడం విశేషం.

పాలమూరు జిల్లాకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఈ హాస్టల్ నిర్వహణ బాధ్యతలు చూశారు. 1926లో ఆయన గోలకొండ పత్రికను ప్రారంభించారు. వెంకటరామారెడ్డి జీవిత చరిత్రను రచించినదీ ఆయనే. 1943లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆవిర్భావానికి సైతం రెడ్డి హాస్టలే వేదికయింది.

చరిత్రలోని చిత్రం

నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో జన్మించిన రావి నారాయణరెడ్డి ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నవారే. అనంతరం ఆయన ఆంధ్ర మహాసభకు, తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి 3 లక్షలకు పైగా ఓట్లు సాధించి, నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. నిజాంకు నమ్మకమైన కొత్వాలు నెలకొల్పిన వసతిగృహమే నిజాం పాలనను ఎదిరించిన నేతకు ఆశ్రయమివ్వడం చరిత్రలోని చిత్రం.

చెదరని స్మృతి

వెంకటరామారెడ్డి 1953లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం, 1954లో, హైదరాబాదు నారాయణగూడలో ఆయన పేరిట మహిళా కళాశాల ఏర్పడింది. జన్మస్థలమైన వనపర్తి ప్రాంతం 2016లో ప్రత్యేక జిల్లాగా రూపొందింది. కొలువులో దక్కిన హోదా విరమణతోనే ముగిసినా, ఆయన విద్యకు చేసిన సేవ తరతరాలకూ ఫలాలనిస్తూ వచ్చింది.