జాబితా నుండి ఆత్మకథకు : తెలుగున హిజ్రా జీవితము

స్త్రీ పురుష భేదమునకు లోబడని పాత్రలు మన ప్రాచీన సాహిత్యమున లేకపోలేదు. తిక్కన విరాటపర్వమున బృహన్నల కలదు. భీష్ముని పతనమునకు శిఖండి కారణమైనాడు. కాని బృహన్నల రూపము ఏడాది గడువు గల అజ్ఞాతవేషము. శిఖండి జన్మము పగ తీరుటకు సాధనము. అట్టి మనుష్యుని నిత్యజీవితమెట్టిది, దుఃఖమెట్టిది యను ప్రశ్నకు అచ్చట తావు లేదు. ఆ ప్రశ్నకు సమాధానముగ నిలిచినది ఎ. రేవతి స్వీయచరిత్రకు శ్రీమతి పి. సత్యవతి కావించిన తెలుగు సేత. హైదరాబాదు బుక్ ట్రస్టు 2014లో ప్రకటించిన ఈ 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారము లభించినది. దీని పూర్వచరిత్రను మేమిచ్చట సంగ్రహముగ పరిశీలింతుము.

ఆత్మకథకు ముందు జాబితా పుట్టినది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టమున రెండవ భాగము హిజ్రాలను గూర్చినది. దాని పోలికనే నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, మరియొక శాసనము వెలువడినది. వారి పేర్లను, నివాసములను ప్రభుత్వము జాబితా కెక్కింపవలెను. జాబితా కెక్కినవారు బహిరంగ స్థలమున స్త్రీవేషమున కనిపించినచో వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. నేరము చేయుట యక్కరలేదు, చీర కట్టుటయే చాలును. రాజ్యము పోయినను ఈ శాసనము మిగిలినది. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023 జులైలో దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.

రేవతి తమిళనాట నామక్కల్ ప్రాంతపు పల్లెలో జన్మించినది. సోదరుల దెబ్బలకు ఓర్వలేక ఇల్లు విడిచి ఢిల్లీ, ముంబయి నగరములకు పోయినది. అచ్చటి హిజ్రా కుటుంబములలో గురువు తల్లి స్థానము వహించినది, శిష్యులు బిడ్డలైరి. రక్తసంబంధము త్రోసివేసినచోట ఈ బాంధవ్యము నిలిచినది. అందుచేతనే శిష్యురాలు ఫమీలా 2004లో మరణించినపుడు రేవతికి కలిగినది కడుపుకోతయే. లోకము మాత్రము అట్టి తల్లిని తల్లిగ లెక్కింపదు. పరామర్శకు నోచుకొనని దుఃఖమే ఈ గ్రంథమునకు ప్రాణమని మా అభిప్రాయము.

ఈ దుఃఖమునకు తమిళదేశమున ఒక ఆచారరూపము కలదు. కూవాగమున చైత్ర పూర్ణిమ నాటి ఉత్సవములో హిజ్రాలు అరవానుని వధువులై తాళి కట్టించుకొని, మరునాడు తాళి తెంచుకొని విలపింతురు. ఈ అరవానుడే మన భారతమున ఉలూచీ పుత్రుడైన ఇరావంతుడు. తెలుగు భారతమున అతడు యుద్ధమున కూలును. ఈ వివాహకథ లేదు. చిత్తూరు సీమలోని ధర్మరాజు గుళ్ళలో పగలు హరికథగ, రాత్రి వీధినాటకముగ భారతము నేటికిని జరుగుచున్నది. దుర్యోధనుని కొరకు ఏడ్చు స్త్రీలను ఆ వేదిక చూపును. ఇరావంతుని కొరకు ఏడ్చువారు దానిపై కానరారు.

వి. గీత ఆంగ్లానువాదము 2010లో వెలువడినది. తెలుగు సేతకు అదియే మూలము. ఆంగ్ల నామమునకు 'నన్ను గూర్చిన సత్యము' అని అర్థము. తెలుగు నామమున 'నేను' తొలగి 'ఒక హిజ్రా' నిలిచినది. పాఠకునకు వ్యక్తి కంటె ముందు వర్గము కనబడుచున్నది. తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కును సుప్రీము కోర్టు 2014 ఏప్రిలు 15న గుర్తించిన సంవత్సరముననే ఇట్లు జరుగుట గమనింపదగినది.

కుప్పమునకు తమిళ సరిహద్దు కూతవేటు దూరము. ద్రావిడ భాషల పరస్పర పరిచయమునకై 1997లో విశ్వవిద్యాలయము వెలసిన ఊరది. అయినను పొరుగింటి దుఃఖము ఆంగ్లము చుట్టి మనకు చేరినది. ఇకనైనను ఇట్టి గ్రంథములను తమిళము నుండియే నేరుగ తెలిగించుట కర్తవ్యము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఇట్లు జీవించువారి కథలను వారి నోటి మాటలలోనే సేకరించుట మరియొకటి. ఆ సేకరణలో చెప్పువారు తమకు తాము పెట్టుకొన్న పేరే వ్రాయవలెను. లేనిచో మనము కూర్చునది మరియొక జాబితాయే యగును.