పెక్టిన్ (నిమ్మజాతి తొక్కల నుంచి)

నిమ్మ, కమలా, బత్తాయి రసం తీశాక మిగిలే తొక్క నుంచి రాబట్టే కార్బోహైడ్రేటు. పండు బరువులో దాదాపు సగం ఇలా పారేసే పిప్పే. ఎండిన తొక్కలో 20–30 శాతం పెక్టిన్ ఉంటుంది. చేదని మనం గీకేసే తెల్లపొరలోనే అది ఎక్కువ. 1825లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొన్నో దీనికి పేరు పెట్టాడు.

తొక్కను కడిగి, ఆమ్లం కలిపిన వేడినీటిలో ఉంచితే పెక్టిన్ నీటిలోకి దిగుతుంది. వడకట్టి ఆల్కహాలు పోస్తే తరకలుగా విడిపోతుంది. జామ్ గడ్డకట్టేది దీనివల్లే, అయితే తగినంత పులుపూ చక్కెరా తోడుండాలి. పెక్టిన్‌లోనే ‘తక్కువ మిథాక్సిల్’ అనే రకానికి చక్కెర అక్కర్లేదు, కాల్షియం చాలు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, చింతపల్లి కొండల్లో కమలా పండుతుంది. అక్కడి కాఫీ రైతుకు పెక్టిన్ పేరు కొత్తేమో గాని, పదార్థం పాతదే: కాఫీ పండు పైతోలు తీశాక గింజను పట్టుకునుండే జిగురులో ఉండేదీ ఇదే. దాన్ని పులియబెట్టి కడిగేస్తారు.

ఇక కమలా తొక్క సంగతి: తడి తొక్క బరువు చాలావరకు నీరే, పైగా త్వరగా కుళ్లుతుంది. ఘాట్ రోడ్డు మీద దాన్ని దించడం దండగ. కొండమీదే ఎండబెట్టి పంపడం మేలు.