ఎదుగుదల నొప్పులు: ఒక ఓదార్పు మాట పుట్టుపూర్వోత్తరాలు

పగలంతా వీధిలో పరుగులు పెట్టిన పిల్లాడు రాత్రి అన్నం తిని పడుకుంటాడు. గంటో రెండు గంటలో గడిచాక లేచి కూర్చుని ఏడుపు మొదలుపెడతాడు. "అమ్మా, కాళ్ళు పీకుతున్నాయి." ఎక్కడ్రా అంటే ఒక చోట వేలు పెట్టి చూపించలేడు. రెండు పిక్కలూ, మోకాళ్ళ వెనకా, తొడల మీదా చేత్తో తడుముతాడు. నాయనమ్మ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి రాస్తుంది. తల్లి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిసుకుతుంది. కాసేపటికి నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారేసరికి నొప్పి ఊసే ఉండదు. "ఎదిగే వయసు కదా, ఎముకలు సాగుతున్నాయి" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు.

ఈ తేల్చివేతకు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఈ మాట పిల్లల్ని ప్రమాదంలోకీ నెట్టింది, తల్లిదండ్రులకు నిజమైన ధైర్యాన్నీ ఇచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో అది ఆస్పత్రి గడప దాటి వ్యాపారంలోకి వచ్చింది. అక్కడ మాత్రం ఈ ఓదార్పును నమ్ముకుని కూర్చుంటే చెల్లదు.

పేరు ఫ్రాన్స్‌లో పడింది

1823లో మార్సెల్ డుషాం అనే ఫ్రెంచి వైద్యుడు ఎదుగుదల వల్ల వచ్చే జబ్బుల గురించి రాస్తూ పిల్లల కాళ్ళనొప్పులను వాటిలో చేర్చాడు. వైద్య గ్రంథాల్లో ఈ నొప్పికి దొరికే తొలి వర్ణన ఇదేనంటారు. పిల్లలు ఎదుగుతున్నారు, పిల్లలకే ఈ నొప్పి వస్తోంది. కాబట్టి ఎదుగుదలే కారణమని అనుకోవడం సహజం. పేరు స్థిరపడిపోయింది.

ఆ పేరు తప్పని చూపించే లెక్కలు మాత్రం అదే దేశంలో అప్పటికే అచ్చయి ఉన్నాయి. మోంబెయార్ అనే ఫ్రెంచి ప్రభువు 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును ఇంచుమించు ఆరు నెలలకోసారి చొప్పున, 1777లో వాడు యువకుడయ్యేదాకా కొలిచి రాసుకున్నాడు. ఆయన మిత్రుడు, ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ ఆ పట్టికను తన గ్రంథంలో ప్రచురించాడు. ఒక బిడ్డ ఎదుగుదలను ఆసాంతం కొలిచిన తొలి దాఖలా అది. దాన్ని గీతగా గీస్తే కనబడేది ఇది: పసితనంలో పెరుగుదల జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, యుక్తవయసులో మళ్ళీ ఒక్కసారి ఊపందుకుంటుంది.

ఈనాటి పిల్లల డాక్టర్ల లెక్కా ఇదే. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. నాలుగేళ్ళు దాటాక పెరిగేది ఏడాదికి ఐదారు సెంటీమీటర్లే. ఎదుగుదలే నొప్పి పెట్టేదైతే చంటిబిడ్డలూ, మీసాలు మొలిచే పిల్లలూ అందరికంటే ఎక్కువగా బాధపడాలి. కానీ ఈ నొప్పి వచ్చేది ఎక్కువగా మూడేళ్ళకూ పన్నెండేళ్ళకూ మధ్య. అంటే ఎదుగుదల నింపాదిగా సాగే ఏళ్ళలోనే.

కీళ్ళను పట్టి, గుండెను కాటేసే జబ్బు

పందొమ్మిదో శతాబ్దంలో ఈ పేరుకు మరో చిక్కు తగులుకుంది. ఆ రోజుల్లో పిల్లల్ని పీడించిన పెద్ద జబ్బుల్లో కీళ్ళవాత జ్వరం ఒకటి. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. దానికి సరైన మందు పడకపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లల్లో కీళ్ళు వాచి నొప్పి పెడతాయి. కీళ్ళ బాధ తగ్గిపోతుంది గానీ, ఆ లోపలే గుండె కవాటాలు దెబ్బతినవచ్చు.

దాంతో వైద్యులు రెండు రకాలుగా తప్పటడుగు వేశారు. కొందరు కాళ్ళు పీకుతున్నాయన్న పిల్లలందరినీ కీళ్ళవాతం కింద లెక్కగట్టి నెలల తరబడి మంచాన పడుకోబెట్టారు. ఆడుకోవలసిన పిల్లలు గుండెజబ్బు వాళ్ళలా బతికారు. మరికొన్ని చోట్ల ఇందుకు వ్యతిరేకంగా జరిగింది. నిజంగా కీళ్ళవాతం ఉన్న పిల్లల్ని "ఎదిగే నొప్పులే" అని ఇంటికి పంపేశారు. 1930ల్లో హాక్స్‌లీ, షపీరో వంటి వైద్యులు కీళ్ళవాతాన్నీ ఎదిగే నొప్పులనూ విడదీసే పని చేపట్టారు. ఒకటి కీళ్ళలో వస్తుంది, మరొకటి కండల్లో. ఒకటి వాపూ జ్వరమూ తెస్తుంది, మరొకటి ఏ గుర్తూ మిగల్చదు. 1939లో వెలువడిన వాళ్ళ వ్యాసాలు ఈ తేడాను స్పష్టంగా ముందు పెట్టాయి.

1951లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి నైష్, ఆప్లీ అనే ఇద్దరు వైద్యులు ప్రచురించిన వ్యాసం మలుపు తెచ్చింది. బడిపిల్లల్ని పరిశీలించి, ఏ నొప్పిని ఈ పేరుతో పిలవాలో వాళ్ళు గిరి గీశారు. నొప్పి కనీసం మూడు నెలలుగా వచ్చిపోతూ ఉండాలి. మధ్య మధ్య పూర్తిగా తగ్గిపోవాలి. కీళ్ళలో ఉండకూడదు. సాయంత్రం పొద్దుపోయాకో రాత్రో రావాలి, నిద్ర చెడగొట్టేంత గట్టిగా ఉండాలి. "ఎదిగే వయసులే" అన్న మాటకు భరోసా దక్కింది ఇలాంటి పనివల్లే. డుషాం పెట్టింది పేరు మాత్రమే. ఆ పేరు ఎవరికి చెల్లుతుందో, ఎవరికి చెల్లదో పరీక్షించి చెప్పడానికి మరో 128 ఏళ్ళు పట్టింది.

మరి నొప్పి దేనివల్ల?

దీనికి ఇప్పటికీ ఒక్క జవాబు లేదు. కెనడాలో బాక్స్‌టర్, డల్‌బర్గ్ 1988లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. రోజూ తొడ, పిక్క కండరాలను తల్లిదండ్రుల చేత సాగదీయించిన పిల్లలకు నొప్పి త్వరగా తగ్గింది. అంటే అలసటకో, కండరాలు బిగియడానికో ఇందులో పాత్ర ఉండవచ్చు. ఇజ్రాయెల్ వైద్యులు ఇలాంటి పిల్లలకు నొప్పిని తట్టుకునే హద్దు కాస్త తక్కువని గమనించారు. అల్ట్రాసౌండ్‌తో చూస్తే వాళ్ళ ఎముకల గట్టిదనమూ తక్కువగా కనబడింది. విటమిన్ డి లోపాన్ని అనుమానించిన వాళ్ళున్నారు. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా కనబడుతుంది.

ఎదుగుదలను పూర్తిగా కొట్టిపారేయకుండా ఆపిన ఒక ప్రయోగమూ ఉంది. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు గొర్రెపిల్లల కాలి ఎముకలో, అది పెరిగే చోట, అతి సూక్ష్మమైన కొలత పరికరాలు అమర్చారు. ఎముక ఏ క్షణంలో ఎంత సాగుతోందో నిమిషాల లెక్కన నమోదైంది. గొర్రెపిల్ల నిలబడి ఉన్నప్పుడూ నడుస్తున్నప్పుడూ ఎముక దాదాపు పెరగలేదు. పెరుగుదలలో కనీసం 90 శాతం అది పడుకుని ఉన్నప్పుడే జరిగింది. ఒంటి బరువు మీద పడినప్పుడు ఎముక ఆగుతుంది, బరువు దిగాక సాగుతుందన్నమాట. నొప్పి రాత్రిళ్ళే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇది ఒక ఆధారం కావచ్చు. పిల్లల్లో నొప్పికి ఇదే కారణమని మాత్రం రుజువు కాలేదు.

2022లో సిడ్నీ పరిశోధకులు ఈ నొప్పి మీద వచ్చిన దాదాపు 150 అధ్యయనాలను పోగేసి చూశారు. వాటిలో 90 శాతానికి పైగా, ఈ నొప్పిని నిర్వచించేటప్పుడు ఎదుగుదల ప్రస్తావనే తేలేదు. నిర్వచనాలు ఒకదానితో ఒకటి కలవనందువల్ల లెక్కలకూ పొంతన లేదు. బ్రిస్టల్ లెక్కలో నూటికి నలుగురైదుగురు పిల్లలకు ఈ నొప్పి ఉంటే, 2004 నాటి దక్షిణ ఆస్ట్రేలియా లెక్కలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో నూటికి దాదాపు 37 మందికి ఉంది.

గడప దాటిన మాట

వ్యాపార సంస్థలకు ఈ ఎదుగుదల నొప్పుల పోలిక ఎప్పుడో అంటుకుంది. కానీ దాన్ని శాస్త్రంగా పట్టించుకున్నది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. 1959లో ఈడిత్ పెన్రోస్ అనే ఆర్థికవేత్త, సంస్థల పెరుగుదల మీద రాసిన పుస్తకంలో ఒక మౌలికమైన సంగతి చెప్పారు. డబ్బుంటే యంత్రాలు కొనుక్కోవచ్చు, మనుషుల్ని తెచ్చుకోవచ్చు. కానీ వచ్చినవాళ్ళు పాతవాళ్ళతో కలిసి పనిచేస్తూ ఒకరినొకరు ఎరగడానికి కాలం పడుతుంది. ఆ కాలాన్ని కొనలేం. అందుకే ఏ సంస్థ అయినా ఒక వేగాన్ని మించి పెరిగితే లోపల పట్టు తప్పుతుంది.

1972లో లారీ గ్రైనర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని దశలుగా విడదీశాడు. మొదట్లో అంతా స్థాపకుడి చొరవ మీద నడుస్తుంది. మనుషులు పెరిగాక ఎవరు నడిపించాలన్న సంక్షోభం వస్తుంది. గట్టి నాయకత్వం వస్తే కింది వాళ్ళకు ఊపిరాడదు. వాళ్ళకు అధికారం పంచితే పైవాళ్ళకు అదుపు తప్పుతుంది. అదుపు కోసం పద్ధతులు పెడితే కాగితాల బరువు పెరుగుతుంది. ఒక దశకు మందయినదే తర్వాతి దశకు జబ్బవుతుందన్నది అతని సారాంశం.

ఎరిక్ ఫ్లామ్‌హోల్జ్ 1986లో తెచ్చిన పుస్తకం తర్వాతి ముద్రణల్లో "గ్రోయింగ్ పెయిన్స్" (ఎదుగుదల నొప్పులు) అన్న పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది. అతను ఇచ్చిన లక్షణాల జాబితా ఏ ఊళ్ళో కంపెనీ నడిపేవాళ్ళైనా గుర్తుపడతారు. రోజుకు ఇరవైనాలుగు గంటలు చాలవు. ఎక్కడ మంట లేస్తే అక్కడికి పరిగెత్తడంతోనే సరిపోతుంది. పక్కవాడు ఏం చేస్తున్నాడో తెలియదు. నేను చేస్తే తప్ప పని సరిగ్గా కాదనిపిస్తుంది. అమ్మకాలు పెరుగుతాయి, లాభం పెరగదు.

ఇక్కడే పిల్లల కథకూ సంస్థల కథకూ దారులు విడిపోతాయి. పిల్లల నొప్పికి ఎదుగుదలే కారణమన్న రుజువు లేదు, అది దానంతటదే పోతుంది. సంస్థ నొప్పికి ఎదుగుదలే కారణం, అది దానంతటదే పోదు.

మన గడ్డ మీద జరిగింది

దీనికి తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల చివరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ సంస్థలకు దేశంలోనే ముఖ్య కేంద్రమైంది. పల్లెల్లో ఆ పద్ధతి ఎలా నడిచేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే కూలికి వెళ్ళకముందు ఆడవాళ్ళు ఒక ఇంటి అరుగు దగ్గర బృందాలుగా కూర్చునేవారు. వారం వారం వాయిదా కట్టేవారు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్ళు సర్దాలి. చిన్న అప్పుకు ఇరుగుపొరుగు నమ్మకమే హామీ. ఇంటింటినీ ఎరిగిన ఉద్యోగులున్నంత కాలం ఈ పద్ధతి బాగానే నడిచింది.

సంస్థలు పెరిగేకొద్దీ లక్ష్యాలు పెరిగాయి. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు చోట్ల అప్పులు చేరాయి. ఒకదాని వాయిదా కోసం మరో అప్పు. 2006లో కృష్ణా జిల్లాలో వేధింపుల ఆరోపణలు రావడంతో అధికారులు యాభైకి పైగా శాఖలను మూయించారు. అది గట్టి హెచ్చరిక. కానీ పెరుగుదల ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ షేర్లు మార్కెట్‌లోకి వచ్చినప్పుడు వాటి కోసం మదుపరులు ఎగబడ్డారు. ఆ అక్టోబరులోనే, రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థల వసూళ్ళకు కళ్ళెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి. రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చాక, ఆ బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఒకే మనిషికి ఎందరు అప్పివ్వవచ్చో, ఎంత ఇవ్వవచ్చో హద్దులు పెట్టింది. బ్రిస్టల్ డాక్టర్లు గీసిన గిరి లాంటిదే ఇదీ. కాకపోతే ఎన్నో ఇళ్ళు గుల్లయ్యాక వచ్చింది.

ముందు చూపు, తర్వాత ఓదార్పు

పిల్లల విషయంలో ఈ చరిత్ర మనకు ఇచ్చిన పద్ధతి తేలికైనది. నొప్పి రెండు కాళ్ళలో, కండల్లో, రాత్రిపూట వచ్చి పొద్దున్నకు పూర్తిగా పోతే కాళ్ళు పిసికి, ధైర్యం చెప్పి పడుకోబెట్టవచ్చు. ఒకే కాలిలో ఒకే చోట ఎప్పుడూ నొప్పి పెడుతున్నా, కీలు వాచినా, పొద్దున్న కూడా కుంటుతున్నా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఒళ్ళు పాలిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళితీరాలి. కీళ్ళవాత జ్వరం మన దగ్గర ఇంకా పోలేదు. రక్త క్యాన్సర్ కూడా కొన్నిసార్లు కాళ్ళనొప్పిగానే మొదలవుతుంది. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు ఎన్నో ఏళ్ళు పిల్లల ఎముకలను వంచాయి. మన్యంలో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల ఒంటినొప్పులు నిజమైన జబ్బుకు గుర్తులు. ఇలాంటి చోట్ల "ఎదిగే వయసులే" అనడం బిడ్డను వదిలేయడమే.

కొత్త సంస్థ పెట్టినవాళ్ళూ ఇలాగే చూసుకోవాలి. పని ఒత్తిడి ఒక సీజన్‌లో వచ్చి పోతోందా, ఏడాది పొడుగునా ఒకే చోట సలుపుతోందా? జీతాలు ఆలస్యం కావడం, మంచి మనుషులు వరసగా వెళ్ళిపోవడం, వినియోగదారు ఫిర్యాదుకు జవాబు చెప్పే నాథుడు లేకపోవడం కీలు వాపు లాంటి గుర్తులు. వాటిని ఎదుగుదల ఖాతాలో రాస్తే నష్టపోయేది స్థాపకుడొక్కడే కాదు. జీతం మీద బతికే కుటుంబాలూ, అప్పు తీసుకున్న ఇల్లాళ్ళూ నష్టపోతారు.

నొప్పి ఉందన్నవారిని ముందు చూడాలి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినాలి. ఆ తర్వాతే దానికి పేరు పెట్టాలి. పరీక్షించి చెప్పిన "ఏం ఫర్వాలేదు" వైద్యం. చూడకుండా చెప్పినదైతే అది నిర్లక్ష్యమే.