తోడుపెళ్ళికొడుకు మిరియం

మా పెద్దనాన్నగారికి క్షయ వచ్చినప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. డాక్టరుగారిది మాత్రల పార్టీ, బామ్మది కషాయం పార్టీ. "శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు లోపల పడితే ఏ మందైనా ఒంటబడుతుందిరా" అనేది బామ్మ. మేం నవ్వేవాళ్ళం.

జమ్మూలో మాత్రం నవ్వలేదు. అక్కడి ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్ బృందం ఆ త్రికటువునే పరీక్షించి, కొన్ని మందులు రక్తంలోకి ఎక్కువగా చేరుతున్నాయని 1981లో ప్రకటించింది. ఆ ఘనత ముఖ్యంగా మిరియాలు, పిప్పళ్ళలో ఉండే పైపెరిన్‌ది. 2006లో అక్కడే ఇంకో తమాషా తేలింది. స్టెఫైలోకాకస్ క్రిమి తన ఒంట్లో చేరిన సిప్రోఫ్లాక్ససిన్ని బయటికి తోడి పారేస్తుంది. పైపెరిన్ ఆ తోడే పంపుకి అడ్డం పడుతుందిట!

2009లో క్షయకి రిసోరిన్ అనే క్యాప్సూల్ వచ్చింది. మామూలుగా వేసే 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌కి బదులు అందులో 200. తోడు 10 మిల్లీగ్రాముల పైపెరిన్.

అయితే బామ్మ గెలిచినట్టేనా? సగమే. క్షయ క్రిమిని చంపేది మందే, మిరియం తోడుపెళ్ళికొడుకు. పెద్దనాన్నగారు ఒళ్ళు కాస్త తేలికపడగానే మాత్రలు మానేసి, కషాయంతో సరిపెట్టారు. ఆర్నెల్లకే జబ్బు తిరగబెట్టింది. పెళ్ళికొడుకే లేనప్పుడు తోడుపెళ్ళికొడుకు ఎంత ముస్తాబైతే ఏం లాభం?